అధికార విభజనము: ఒక బాలుని ప్రశ్న

మా కౌకూరునకు చేరువనే, బొల్లారములో, రాష్ట్రపతి నిలయమున్నది. ఒకప్పుడది బ్రిటిషు రెసిడెంటు విడిది. దానిని చూచివచ్చిన బాలుడొకడు నన్నడిగెను: "సార్, అందఱికంటె పెద్ద రాష్ట్రపతిగారే కదా! తప్పు చేసినవారిని వారే శిక్షింపరాదా? కోర్టులెందుకు?"

వెంటనే బదులు చెప్పలేకపోతిని. కారణమున్నది. అంతకు వారము క్రిందట, అడుగక సుద్దముక్కలు తీయరాదని తరగతిలో నియమము పెట్టితిని. తీసినవాడు వీడేయని పట్టుకొన్నవాడను నేనే; విచారించి గంటసేపు నిలువబెట్టినవాడను నేనే. మఱునాడు వాడు నిరపరాధియని తేలినది. నాకప్పుడు కోపమైనను లేదు. నియమము నాది గనుక దానిని మీఱినవాడు దొరకవలెనని తొందర; పట్టినవాడను నేనే గనుక, పట్టుటలో పొరపాటున్నదని నాకు తోచలేదు. దుష్టుడైన రాజును శంకించుట యెవరికైనను తెలియును. మంచివానిని గూడ శంకింపవలసిన చోటు ఇదియే.

రాజు తానే వ్యవహారములు చూడవలెనని, చూడలేనప్పుడు విద్వాంసుని నియమింపవలెనని మనుస్మృతి చెప్పినది. నియమించువాడు మాత్రము రాజే. ఫ్రాన్సు దేశీయుడైన మాంటెస్క్యూ 1748లో ఈ ముడినే విప్పజూచెను.

మన హైదరాబాదు కథ వినదగినది. 1921లో నిజాము తన రాజ్యమున న్యాయశాఖను పాలనాశాఖనుండి వేఱుచేసెను. మెచ్చదగిన పనియే, కాని ఆ రెంటిపైనను ఫర్మానా నిలిచియే యుండెను. 1935లో పైగా వంశీయుడగు నవాబు వలీయుద్దౌలా మరణించెను. తామును ఆయన భార్యలమేయని యిద్దఱు స్త్రీలు ఆస్తిలో భాగమడిగిరి. విచారణలు జరిగినవి, ఫర్మానాలు వెడలినవి, వివాదము తీఱలేదు. తుదకు 1950లో ఆ యొక్క కుటుంబము కొఱకే యొక చట్టము వెలువడెను. వారి హక్కు చెల్లదని, ఏ న్యాయస్థానమును దీనిని ప్రశ్నింపరాదని! ఎన్నికైన శాసనసభ యప్పటికి లేదు. చట్టము చేయువారే తీర్పు చెప్పి, తలుపునకు తాళము వేసిరన్నమాట. 1952లో సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివేసెను. అందఱికిని తెఱచియున్న కోర్టు తలుపును వీరికి మాత్రము మూయుట 14వ అధికరణము చెప్పు సమానత్వమునకు విరుద్ధమనెను. ఆ వివాదమే 1955లో మరల వచ్చినప్పుడు, పూర్వము నిజామే శాసనకర్త, పాలకుడు, పరమ న్యాయాధిపతియని ఆ కోర్టే గుర్తుచేసెను.

బాలునితో నింత చెప్పలేదు. చట్టము చేయువారు, నడపువారు, తగవు తీర్చువారు వేఱువేఱుగ నుందురంటిని. నిజమునకు మన మంత్రులు శాసనసభలోనే కూర్చుందురు. ఆ గోడ సగమే. కోర్టుకు, పాలనకు నడుమ గోడ కట్టుమని మాత్రము రాజ్యాంగపు 50వ అధికరణము ఆదేశించుచున్నది. "రాష్ట్రపతి శిక్షింపజాలరు. శిక్ష పడిన పిమ్మట క్షమింపగలరు, అదియు మంత్రుల సలహాపై" అంటిని. వాడు సంతోషించెను.

ఇప్పుడు మా తరగతి నియమములను పిల్లలు కూడి చేయుదురు. తగవు వచ్చినచో పొరుగు తరగతి ఉపాధ్యాయుడు వినును. మొదటి ఫిర్యాదు నామీదనే వచ్చినది. సుద్దముక్కల బాలుడే వాది. తీర్పు వాని పక్షమున వచ్చెను. తరగతి యెదుట నిలిచి వానిని క్షమింపుమని కోరితిని.