సంచీ, చిట్టా

ఆర్మూరు రైతు పసుపు బస్తా కాటా ఎక్కి, తక్‌పట్టీలో పడనిదే చేతులు మారదు. ఆ రైతు కొడుకే గల్ఫు కూలికి పోతూ శంషాబాదు విమానాశ్రయంలో బెల్టు విప్పి, చేతులు చాచి నిలబడతాడు. తనిఖీ వద్దని నేననను. 2017 ఏప్రిల్‌లో శ్రీనగర్ విమానాశ్రయంలో ఒక సైనికుడి సామానులో రెండు గ్రెనేడ్లు బయటపడింది తనిఖీ వల్లనే. కాని పసుపుకున్నపాటి పద్దు గ్రెనేడుకు ఉంటే, అది అక్కడిదాకా వచ్చేదా?

సైనిక రహస్యమంటారు. ఎన్ని ఉన్నవన్నది రహస్యం కావచ్చు. ఎన్ని తగ్గినవన్నది రహస్యం కారాదు. చివరి గుమ్మంలో ప్రయాణికుణ్ణి అనుమానించే రాజ్యం మొదటి గుమ్మమైన ఆయుధాగారంలో తన్ను తాను అనుమానించుకోవాలి. పౌరుడు సంచి విప్పుతున్నాడు. రాజ్యం తన చిట్టాను కనీసం చట్టసభ ముందైనా విప్పడమే న్యాయమని నా వాదన.