యోగాభ్యాసము – ఆరోగ్యము

కాళిదాసు కుమారసంభవమున ఐదవ సర్గలో ఒక రమ్యమైన ఘట్టము కలదు. శివుని పతిగా పొందగోరి పార్వతి ఘోరతపస్సు చేయుచుండగా, ఆ శివుడే బ్రహ్మచారి వేషమున వచ్చి ఆమెను కుశలమడుగును. హోమమునకు సమిధలు, స్నానమునకు నీరు సులభముగా లభించుచున్నవా అని అడిగి, పిమ్మట నీ శక్తికి తగినట్లే తపస్సు చేయుచున్నావా అని ప్రశ్నించును. ధర్మమును సాధించుటకు శరీరమే మొదటి సాధనమని జ్ఞాపకము చేయును. ఈ మాట లోకమున సామెతవలె వ్యాపించినది. కాని దీనిని దేహపోషణకు సమర్థనగా వాడుకొనువారు, ఇది ఒక తపస్వినితో పలికిన మాటయని మరచుచున్నారు. దేహము సాధనము, సాధ్యము కాదు. సాధనమును అశ్రద్ధ చేసినవాడు పనిని చెరుపుకొనును. సాధనమే సర్వస్వమని భ్రమించినవాడు పనినే మరచును.

నేడు యోగము పేరు వినని దేశము లేదు. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించినది. 2016లో యునెస్కో యోగమును మానవజాతి సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చినది. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే పెక్కుమంది అడుగు ప్రశ్న ఒక్కటే: ఏ ఆసనము వేసిన ఏ రోగము పోవును? నడుమునొప్పితో బాధపడువాడు, రాత్రులు నిద్రపట్టనివాడు ఇట్లడుగుట తప్పు కాదు. శాస్త్రము వారిని త్రోసిపుచ్చుట లేదు. కాని వారికి అది అడిగినదానికంటె మిక్కిలి ఇచ్చుచున్నది.

పతంజలి మహర్షి చిత్తమును చెదరగొట్టు అంతరాయములను తొమ్మిదింటిని చెప్పెను. వానిలో మొదటిది వ్యాధి. ఈ విక్షేపములకు తోడుగా వచ్చువానిని నాల్గింటిని పేర్కొనెను: దుఃఖము, మనఃక్లేశము, అవయవముల వణకు, శ్వాస క్రమము తప్పుట. వీనిలో మనస్సునకు చెందినవియు, దేహమునకు చెందినవియు ఒకే వరుసలో నిలిచియున్నవి. కోపము వచ్చినవాని ఊపిరి వేగమగును. భయము కలిగినవాని చేతులు వణకును. సూదిలో దారమెక్కించువాని ఊపిరి ఆ క్షణమున తానే నిలుచును, ఎవ్వరు నేర్పిరి? మనస్సు కదలినచో శ్వాస కదలును. మనస్సు కుదిరినచో శ్వాస కుదురును. అట్లయిన శ్వాసను కుదిర్చినచో మనస్సు కుదురదా? కుదురునని పతంజలి సమాధానము. ప్రాణాయామమునకు మూలము ఇదియే.

ఈ విషయమును శరీరశాస్త్రము మరియొక విధమున చెప్పుచున్నది. గుండె మన ఆజ్ఞ వినదు. జీర్ణకోశము మన మాట లెక్కచేయదు. ఊపిరి యొక్కటి మనము నిద్రించుచున్నను తానే నడచును, మనము కోరినచో మన వశమునను నడచును. గాలిని లోనికి తీసికొనునప్పుడు నాడి కొంచెము వేగమగును. విడచునప్పుడు వేగస్ నాడి ప్రభావముచే మందగించును. విశ్రాంతిగానున్న పెద్దవారు సాధారణముగా నిమిషమునకు 12 మొదలు 20 సార్లు శ్వాసింతురు. దానిని మెల్లమెల్లగా 6 వరకు తగ్గించి, విడచు కాలమును పొడిగించినచో శరీరము తనంతట శాంతించును. 1924లో లోనావ్లాలో కైవల్యధామమును నెలకొల్పిన స్వామి కువలయానంద యోగక్రియలను ప్రయోగశాలలో పరీక్షించుటకు దారితీసిరి. అనంతర పరిశోధనలలో యోగాభ్యాసము రక్తపుపోటును కొంతవరకు తగ్గించునని తేలినది. దీర్ఘకాలపు నడుమునొప్పికి మందులకంటె ముందుగా ప్రయత్నింపదగినవానిలో యోగమును అమెరికా వైద్యుల సంఘమొకటి 2017లో చేర్చినది.

అయితే ఇది తోడ్పాటేగాని సర్వరోగనివారిణి కాదు. ఆసనములు మొదలిడితినని వైద్యుడిచ్చిన మందును మానుట అవివేకము. నీటికాసులను కంటిజబ్బు గలవారు, అదుపులేని రక్తపుపోటు గలవారు శీర్షాసనము జోలికి పోరాదు. హఠయోగప్రదీపికను రచించిన స్వాత్మారాముడే, ప్రాణమును సింహమును, ఏనుగును, పులిని మచ్చిక చేసినట్లు మెల్లగా వశపరచుకొనవలెనని, తొందరపడినచో అది సాధకునే హరించునని హెచ్చరించెను. ఆయనే శవాసనము అలసటను తీర్చి చిత్తమునకు విశ్రాంతినిచ్చునని చెప్పెను. చూచుటకు ఏమియు చేయనట్లున్న ఆసనమునకు కూడ ఆయన ఇంతటి స్థానమిచ్చెను.

పతంజలి ఆసనమును గూర్చి చెప్పిన సూత్రములు మూడే. ఆసనము నిలుకడగాను సుఖముగాను ఉండవలెను. ప్రయత్నపు బిగువును సడలించి, మనస్సును అనంతమునందు నిలుపుటవలన అది సిద్ధించును. సిద్ధించినవానిని శీతోష్ణాది ద్వంద్వములు బాధింపవు. ఇందు దేహమును ఎంత వంచవలెనో చెప్పబడలేదు. కావున మోకాళ్ళు వంగని వృద్ధురాలు నిరాశ చెందనక్కరలేదు. కుర్చీలో వెన్ను నిలిపి కూర్చుండి, పది నిమిషములు తన శ్వాసను శ్రద్ధతో గమనించినచో ఆమె యోగమార్గముననే ఉన్నది. ఒడలు విల్లువలె వంచుచు మనస్సును ఆఫీసునందో అంగడియందో విడచినవాడు చేయునది వ్యాయామము మాత్రమే.

మన అభ్యాసమునకు పరీక్ష చాపమీద లేదు. చాప చుట్టిపెట్టిన తరువాత ఉన్నది. అన్నము కొంచెము ఆలస్యమైనచో ఇంటివారిపై మండిపడుచున్నామా? లాభమునకు పొంగి, నష్టమునకు క్రుంగుచున్నామా? ఏండ్ల తరబడి ఆసనములు వేసియు ఇవి తగ్గనిచో, కీళ్ళు వదులైనవేగాని అహంకారము వదులు కాలేదన్నమాట. ఒక కటువైన మాట నాలుకకు వచ్చినపుడు, ఒక్క దీర్ఘమైన శ్వాస మేర ఆగగలిగినచో, ఉదయము చేసిన సాధన అప్పుడు ఫలించినది.

కావున ప్రతిదినము ప్రాతఃకాలమున, కడుపు తేలికగానున్నపుడు, శక్తికి మించకుండ, ఎరిగినవారి సన్నిధిని నేర్చుకొని అభ్యసింతము. ఆహారనిద్రలయందు మితము పాటింతము. అవి రెండును మితిమీరినను, మిక్కిలి తగ్గినను యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున బోధించెను. ఆరోగ్యము లభించినచో కృతజ్ఞతతో స్వీకరించి, దానిని పరులసేవకును ఈశ్వరచింతనకును వినియోగింతము. దేహము రోగమునకు లోబడియే యున్నను, ఊపిరియున్నంతవరకు సాధన మూతపడదు. ఆ ఊపిరిని భగవంతునికి ముడివేసినవాడు రోగియైనను యోగియే.