తువాలును చెంబును

పాఠము: యోహాను సువార్త 13వ అధ్యాయము, 1 నుండి 17 వచనములు



మన ముమ్మిడివరము చుట్టుపట్ల వానకాలమున ఎవరి యింటికి వెళ్లినను మొదట ఎదురువచ్చునది చెంబెడు నీళ్లు. కాలువగట్టు బురదకాళ్లతో ఎవరును అరుగు ఎక్కరు గదా! పోయిన వానకాలములో ఒక యింటి కూటమునకు మేము వెళ్లగా, డెబ్బది దాటిన మామ్మగారొకరు చెంబు తెచ్చి, వంగి, మా పాదములమీద నీళ్లు పోసిరి. మేము అలవాటు చొప్పున పాదములు చాచి నిలిచితిమి. ఆ రాత్రి మేము చెప్పిన వాక్యము దీనమనస్సును గూర్చినదే. కూటమైన పిమ్మట ఆమె మనుమడు, పదేండ్లవాడు, "అయ్యగారూ, మీరెప్పుడైనా ఎవరికైనా నీళ్లు పోశారా?" అని యడిగెను. తల్లి వానిని కసరెను. మాకు మాత్రము జవాబు దొరకలేదు.

ఈ పాఠములో 3వ వచనమును మనము తొందరగా దాటిపోవుదుము. తానెవరో, తన అధికారమెంతటిదో ప్రభువునకు బాగుగా తెలియునని యోహాను ముందు చెప్పి, ఆ తరువాతనే తువాలు మాట యెత్తుచున్నాడు. తన విలువ నెరిగినవాడే వంగెను. దీనిని మన సంఘములలో గట్టిగా చెప్పవలసియున్నది. మన తాతముత్తాతలలో అనేకులు పెద్ద వీధులలో చెప్పులు చేతపట్టుకొని నడిచినవారు. అది దీనత్వము కాదు. ఇతరులు వారి మెడమీద మోపిన కాడి. కూలి తగ్గించి యిచ్చిన ఆసామి యెదుట నోరుమూసికొనుమని దీనత్వము పేరట బోధించువాడు, ప్రభువు చేతిలోని తువాలును లాగి బీదవాని మెడకు బిగించుచున్నాడు.

మన గోదావరి డెల్టాకు సువార్త తెచ్చినవారిని తలంచుడి. 1836లో ఆంథొని నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్ రాతిపనివాడు; జార్జి బీర్ చెప్పులు కుట్టువాడు. ఇద్దరును భార్యలతో వచ్చి నరసాపురమున నిలిచి పనిచేసిరి. తోలుపనివానిని ఊరి వెలుపల నుంచిన దేశమునకు దేవుడు చెప్పులు కుట్టిన చేతిని పంపెను! సెమినరీలో దీనిని మేము పరీక్షకొరకు చదివితిమి. అర్థము తట్టుటకు ఇరువది యేండ్లు పట్టినది.

మరుసటి ఆదివారమును వాన కురిసెను. మేము గుడి మెట్లయొద్ద బాల్చీతో నిలిచితిమి. పిల్లలు నవ్వుచు కాళ్లు చాచిరి. మామ్మగారు మాత్రము, "వద్దయ్యగారూ, నాకు పాపం తగులుద్ది" అని వెనుకకు జరిగిరి, పేతురు వలెనే. "మొన్న మీరు పోస్తే నేను పోయించుకున్నాను గదమ్మా" అంటిమి. ఆమె కొంతసేపు ఆలోచించి ఒక పాదము ముందుకు పెట్టిరి. ఆ సంతోషములోనే శోధన వచ్చెను. ఎవరెవరు చూచుచున్నారో యని మా కన్ను ప్రక్కకు తిరిగెను.

పదిమంది యెదుట బాల్చీ పట్టుట సులభమే. పెండ్లిపందిరిలో మొదటి పంక్తికి పిలువకపోయినను ముఖము చిన్నబుచ్చుకొనకుండుట (లూకా 14వ అధ్యాయము చూడుడి), గుడికి ఫంకా ఇచ్చి రెక్కమీద పేరు వ్రాయించకుండుట, భార్య చెప్పిన మాట సరియైనదని పిల్లల యెదుట ఒప్పుకొనుట, ఇవి కష్టము. ఫంకా సంగతికి కొందరు కోపపడుదురు. పడనిండు, గాలి అందరికిని వచ్చుచున్నది.

మా సంగతియు చెప్పెదము. గత నెల కమిటీలో వయసున చిన్నవాడైన ఒక సహోదరుడు కోతపండుగ లెక్కలో మా పొరపాటు చూపించెను. "నీకేమి తెలుసు?" అని మేము అందరిలో గద్దించితిమి. ఇంటికి వచ్చి కూడి చూడగా అతడు చెప్పినదే నిజము. అతడు నాటినుండి వెనుక వరుసలో కూర్చుండుచున్నాడు. లెక్క దిద్దితిమి గాని అతని యింటికి ఇంకను వెళ్లలేదు. ఈ సోమవారము సాయంత్రము వెళ్లుటకు నిశ్చయించుకొంటిమి. ఆ గట్టు దారి ఇప్పుడు మోకాలిలోతు బురద.