ఈకల క్రింది గాలము

ధ్యాన భాగములు: యాకోబు 1:13-15, మత్తయి 4:18-20

కొన్ని సంవత్సరముల క్రిందట మేము అమెరికాలో మా కుమారుని యింట మూడు మాసములుంటిమి. ఆ యూరు న్యూయార్కు రాష్ట్రమున కాట్‌స్కిల్ కొండలకు సమీపముననున్నది. ప్రక్కయింట ఒక వృద్ధుడుండెను. ప్రతి సాయంకాలమును ఆయన కిటికీయొద్ద దీపము పెట్టుకొని, తల వంచుకొని యేదో కట్టుచుండుట మేము చూచుచుంటిమి. ఒకనాడు ఆయన మమ్మును లోపలికి పిలిచి చూపెను. అది ఒక ఈగ. ప్రాణమున్న ఈగ కాదు. ట్రౌట్ చేపలను పట్టుటకై గాలముమీద ఈకలతోను దారముతోను కట్టిన ఈగ. దానిని అరచేతిలో పెట్టినప్పుడు, ఎగిరిపోవునేమోయని మేము వ్రేళ్లు ముడుచుకొంటిమి. ఆయన నవ్వెను. చూడవచ్చిన మనుష్యుడు సహితము మోసపోయెను గదా!

దానిని కట్టు విధమును ఆయన మాకు ఓపికతో చూపెను. చిన్న గాలమును ఒక ఇనుప పట్టులో బిగించి, దానిమీద సన్నని దారము చుట్టును. తోకకు కోడిపుంజు ఈక పోగులు రెండు మూడు కట్టును. నెమలిపింఛపు కంటినుండి ఒక పోగు తీసి, నూగు గీకివేసి, ఒంటికి చుట్టును. అప్పుడు పురుగు పొట్టమీది చారలవలె లేత గీతయు ముదురు గీతయు ప్రక్కప్రక్కన తేలును. రెక్కలకు అడవి బాతు ఈకలు. తరువాత పుంజు మెడ ఈకను గాలము చుట్టు త్రిప్పగా, దాని పోగులు నలుదిక్కులకు విచ్చుకొని నిలుచును. వాటి బలముననే ఈగ మునుగక నీటిపై తేలును. తలయొద్ద ముడివేసి ఒక చుక్క వార్నీషు పెట్టుటతో పని ముగియును.

ఈ ఈగకు క్విల్ గార్డన్ అని పేరు. థియొడోర్ గార్డన్ (1854-1915) అను నతడు దీనిని కల్పించెను. ఇంగ్లండులో ప్రసిద్ధుడైన హాల్‌ఫర్డ్ 1890లో తాను కట్టిన ఈగల మాదిరులను అతనికి పంపెను. గార్డన్ వాటిని ఆదరముతో చూచెనుగాని, ఇంగ్లండు యేటి ఈగలు అమెరికా యేటికి చాలవని గ్రహించి, తన యేటి పురుగులను చూచి కట్టెను. ఈ విద్య క్రొత్తది కాదు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతమున ఏలియన్ అను గ్రంథకర్త, మాసిదోనియవారు గాలమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, రెండు కోడి ఈకలు కట్టి చేపలు పట్టుదురని వ్రాసెను. పౌలు సువార్త ప్రకటించిన ఆ మాసిదోనియలోనే!

మేము ఆ వృద్ధుని ఒక ప్రశ్న అడిగితిమి: ఇంత తెలివిగల చేప ఈకను చూచి పురుగని ఎట్లు నమ్మును? ఆయన మమ్మును యేటియొడ్డునకు తీసికొనిపోయి, ఒక రాయిని పైకెత్తి, దాని అడుగున ప్రాకుచున్న పురుగులను చూపెను. అవి సుమారు ఒక సంవత్సరము నీటిలో రాళ్లనంటుకొని బ్రదుకును. వసంతకాలమున రెక్కలు వచ్చి పైకి లేచును. రెక్కలు వచ్చినపిమ్మట వాటికి తినుటకు నోరు పనిచేయదు; ఒకటి రెండు దినములలో గ్రుడ్లుపెట్టి చచ్చును. అవి లేచు గడియకొరకు ట్రౌట్ కనిపెట్టుకొనియుండును. అంతకుముందే ఈగ కట్టువాడు రాళ్లెత్తి చూచి, చేప దేనికొరకు కనిపెట్టుచున్నదో తెలిసికొనును. పురుగునందున్న సమస్తమును అతడు చేయనక్కరలేదు. చేప వెదకుచున్న ఆకారము, పరిమాణము, రంగు, తేలు విధము, ఈ నాలుగు చాలును. మిగిలినదంతయు చేపయొక్క ఆశయే పూర్తిచేయును.

చదువరులారా, ఇక్కడ మేము యాకోబు పత్రికను జ్ఞాపకము చేసికొంటిమి. మొదటి అధ్యాయము 14వ వచనమున మన తెలుగు బైబిలులో మరులుకొల్పుట అని చెప్పబడినచోట, గ్రీకు భాషలోనున్న మాట ఎర అను మాటనుండి పుట్టినది. అది జాలరుల మాట. శోధన ఎచ్చటనో దూరదేశమునుండి వచ్చునని మనము తలంచుచున్నాము. కాని అది మన యింటి రాళ్లెత్తి చూచినపిమ్మటనే కట్టబడును. మన అనుదిన ఆహారమువలెనే అది కనబడును. బిడ్డల చదువుకొరకే గదాయని తీసికొనిన లంచము, సంఘము మేలుకొరకే గదాయని మోసిన కొండెము, ఇవన్నియు మంచి పురుగు రూపమున తేలివచ్చిన గాలములు కావా?

అన్ని చేపలును ఒకే విధముగా పడవు. బాస్ అను చేపకు ఆయన వేరొక ఎర కట్టును. జింక వెండ్రుకలు లోపల బోలుగానుండును గనుక నీట తేలును. వాటిని గాలముచుట్టు గుత్తులుగా బిగించి, కత్తెరతో కప్పవలె కత్తిరించును. వసంతమున మగ బాస్ తన గూటిలోని గ్రుడ్లకు కాపలాయుండును. అప్పుడు దానికి ఆకలికంటె కోపమెక్కువ. దగ్గరకు వచ్చినదానినెల్ల నోట కరచి తరుమును. గాలము ఆ నోటనే దిగును. ట్రౌట్ ఆశచేత పడెను. బాస్ తన బిడ్డలను కాపాడుకొను రోషముచేత పడెను. కావున మన బలహీనతలను మాత్రమే గాక, మనము గొప్పగా చెప్పుకొను గుణములను గూర్చియు మెలకువగానుండవలెను.

అయితే ఒక సంగతి ట్రౌట్‌ను రక్షించును. గాలపు త్రాడును ప్రవాహము లాగినప్పుడు, ఈగ తక్కిన పురుగులతోకూడ కొట్టుకొనిపోక, నీటికి అడ్డముగా గీతగీయుచు పోవును. అనుభవముగల చేప పైకి వచ్చి, దానిని చూచి, మరల అడుగునకు పోవును. ఈగ రూపమున తప్పులేదు. దాని నడకయే దానిని పట్టియిచ్చెను. కనబడని త్రాడొకటి దేనినైనను లాగుచున్నప్పుడు, కొంచెము నిలిచి చూచినవానికి అది తెలియకపోదు.

ఇంతవరకు చేపను గూర్చి చెప్పితిమి. ఇప్పుడు కట్టువానిని గూర్చి. ఈకతో చేపను మోసగించుట పాపమా? మేము దీనిని ఆ వృద్ధునితోనే అడిగితిమి. తాను చేపకు మాట యిచ్చినవాడను కానని ఆయన చెప్పెను. అబద్ధమనునది మాటను నమ్మదగినవారి మధ్యనే పుట్టునని ఆయన తలంపు. ఆయన గాలపు మొనయొద్ద వెనుకకు తిరిగియుండు చిన్న ముల్లును ముందుగానే నొక్కివేయును. పట్టిన చేపలలో ఎక్కువవాటిని నీటిలోనే విడిచిపెట్టును. తినుటకు చంపుట మేలా, వినోదమునకు పట్టి విడుచుట మేలా అని మేము చాలసేపు వాదించితిమి. ఆ వాదము తెగలేదు. కాని ఆయన చెప్పిన మొదటి మాట మా మనస్సున నాటుకొనెను. చేపకు మనము సత్యమును బాకీపడియుండకపోవచ్చును. తోటి మనుష్యునికి మాత్రము తప్పక బాకీపడియున్నాము.

మా తప్పిదమొకటి ఇక్కడ ఒప్పుకొనవలసియున్నది. ఒక వేసవిలో మా ఆదివారపు బడికి పిల్లలు రాకుండిరి. అప్పుడు మేము, వచ్చు వారము సినిమా చూపెదమని వీధులలో చెప్పించితిమి. గది నిండిపోయెను. మేము పది నిమిషములు ఏవో బొమ్మలు చూపి, తలుపు మూయించి, ఒక గంటసేపు ప్రసంగము చేసితిమి. ప్రసంగము మంచిదే. అందులో అబద్ధమేమియు లేదు. తరువాతి వారము ఎప్పుడును వచ్చు పిల్లలలోను సగముమందియే వచ్చిరి. వారిలో ఒక చిన్నవాడు గుమ్మమునొద్దనే నిలిచి, “అయ్యగారూ, ఈ వారము నిజముగా ఏమున్నదండీ?” అని అడిగెను. మాకు నోట మాట రాలేదు. మేము ఆ బిడ్డలకు సత్యమునే చెప్పితిమి గాని, దానిని ఈకల క్రింద దాచి చెప్పితిమి. పట్టి విడువబడిన చేపవలె ఆ బాలుడు మమ్మును చూచుచుండెను.

గలిలయ సముద్రతీరమున ప్రభువు పిలిచిన జాలరుల చేతిలోనున్నది వల. ఆ నీటిలో వల వేయు సీమోనును అంద్రెయయును ఆయన చూచెను. పేతురు గాలము వేసిన సంగతియు మత్తయి 17వ అధ్యాయమున కలదు. అయితే అది పన్ను చెల్లించుటకు ఒక నాణెము తెచ్చుటకే గాని మనుష్యులను గూర్చినది కాదు. వల చేపకు మేలుచేయునని మేము చెప్పబోము. ఉపమానమును అంత దూరము లాగరాదు. కాని వల ఆహారపు వేషము వేసికొనదు. మనుష్యులను పట్టు జాలరులగుదురని ఆయన చెప్పినప్పుడు, ఈకలు కట్టుట నేర్చుకొనుడని చెప్పలేదు.

ఇది బోధకులకు మాత్రమే గాదు. పెండ్లిచూపులలో కుమారుని జీతమును పెంచి చెప్పు తండ్రియు, ఏడ్చు బిడ్డతో బజారునుండి మిఠాయి తెచ్చెదనని చెప్పి తేని తల్లియు, మంచి కార్యమునకే గదాయని లెక్కను మార్చి చెప్పు సంఘపెద్దయు ఈగలు కట్టుచున్నవారే. మంచి గమ్యమునకు కొనిపోవుదుమని చెప్పి మనము ఎదుటివాని నోట ముల్లు దింపరాదు.

ఆ వృద్ధుడు మేము తిరిగివచ్చునప్పుడు ఒక క్విల్ గార్డన్‌ను చిన్న డబ్బీలో పెట్టి మాకిచ్చెను. అది మా బల్లమీదనున్నది. ఆదివారపు బడికి పాఠము వ్రాయ కూర్చుండునప్పుడు దానిని తెరచి చూచుచున్నాము. అది మిక్కిలి అందమైనది. ఇప్పటికిని దానిని చేతిలోనికి తీసికొనుటకు ముందు, ముల్లు ఏ వైపుననున్నదోయని వెదకవలసివచ్చుచున్నది.