ఎఫ్ఫతా! మన ఇళ్ళలో మూసుకుపోతున్న చెవులు



మార్కు సువిశేషం 7వ అధ్యాయంలోని చెవిటివాని వృత్తాంతం మనకందరికీ తెలిసినదే. అతనికి చెవుడు ఉండటమే కాదు, మాట కూడా సరిగా వచ్చేది కాదు. యేసుప్రభువు అతనిని జనసమూహం నుండి పక్కకు తీసుకొనిపోయి, చెవులలో వ్రేళ్ళుంచి, నాలుకను తాకి, ఆకాశం వైపు చూచి నిట్టూర్చి, "ఎఫ్ఫతా" అన్నారు. తెరచుకోమని ఆ మాటకు అర్థం. మొదట చెవులు తెరచుకున్నాయి. తరువాత నాలుక సడలింది. ఈ వరుసను గమనించండి. విననివానికి మాట రాదు.

ఈ అద్భుతాన్ని తిరుసభ జ్ఞానస్నాన సంస్కారంలో కూడా నిలుపుకున్నది. గురువు పసిబిడ్డ చెవులను, నోటిని తాకి, ఈ బిడ్డ త్వరలోనే దేవుని వాక్యాన్ని చెవులారా వినాలని, తన విశ్వాసాన్ని నోరారా ప్రకటించాలని ప్రార్థిస్తాడు. అలా ప్రభువు పేరున తెరచిన చెవులు పదిహేనేళ్ళు తిరిగేసరికి దేనితో నిండుతున్నాయి? ఈ వారం మనం ధ్యానించవలసిన ప్రశ్న ఇదే.

వినే అలవాటు ఎలా మారింది?

మన పెద్దల కాలంలో ఇంటికి ఒక రేడియో ఉంటే అది గొప్ప. 1948లో ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం పాట వేస్తే ఇల్లంతా వినేది, ఇరుగుపొరుగు కూడా వినేది. శ్రోతలు కోరిన పాటల కోసం కార్డు రాసి, తమ పేరు ఎప్పుడు చదువుతారా అని వారాల తరబడి ఎదురుచూసేవారు. మన కతోలిక కుటుంబాలలో మనీలా నుండి వచ్చే రేడియో వెరితాస్ ఆసియా తెలుగు ప్రసారాల కోసం షార్ట్‌వేవ్‌లో ముల్లు తిప్పుతూ కూర్చున్నవారు ఎందరో ఉన్నారు. ఆ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2018లో ఆగిపోయి, ఇంటర్నెట్‌కు మారాయి. ఆ కాలంలో అందరూ పునీతులని నేను చెప్పడం లేదు. ఏ స్టేషను పెట్టాలని అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్ళూ ఉన్నాయి. అయితే కొట్టుకోవడానికైనా వాళ్ళు ఒకే గదిలో ఉన్నారు.

1979లో జపానువారి వాక్‌మన్ వచ్చింది. పాట గదిలో నుండి ఒక మనిషి చెవిలోకి వెళ్ళింది. 1999లో అమెరికాలో నాప్‌స్టర్ వచ్చింది. క్యాసెట్టు, సీడీ కొననక్కరలేకుండా పాటలు కంప్యూటరు నుండి కంప్యూటరుకు చేతులు మారాయి. మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌక అయింది. పల్లెటూరి పిల్లవాని చేతిలో కూడా వీడియో ఆడసాగింది. 2019లో స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ మన దేశంలో అడుగుపెట్టాయి. ఇప్పుడు పాటను ఎవరూ దాచుకోనక్కరలేదు. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చినట్లు వస్తుంది. దీనినే స్ట్రీమింగ్ అంటున్నారు. 2020 జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. అలవాటు మాత్రం పోలేదు. కొద్ది వారాలకే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్, కొద్ది నెలలకే యూట్యూబ్‌లో షార్ట్స్ వచ్చాయి. మొదట్లో రీల్ నిడివి 15 సెకన్లే. పాటలో పల్లవి ముక్క ఒకటి చాలు, చరణంతో పనిలేదు.

ఎంచుతున్నది ఎవరు?

ఇందులో రెండు మార్పులున్నాయి. మొదటిది, మనం ఒంటరిగా వింటున్నాం. రెండవది ఇంకా లోతైనది. ఏది వినాలో మనం ఎంచుకోవడం లేదు. ఒక పాట అయిపోగానే అడగకుండానే మరొక పాట మొదలవుతుంది. ఎక్కడ ఆగావో, దేనిని దాటేశావో, దేనిని రెండుసార్లు చూశావో యంత్రం లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్క ప్రకారం తరువాతిది వడ్డిస్తుంది. స్పాటిఫైలో పాటను 30 సెకన్లు వింటేనే విన్నట్లు లెక్క. అందుచేత మొదటి క్షణంలోనే చెవిని పట్టుకోవాలన్న తొందర పాట కట్టేవారికి కూడా పట్టుకున్నది.

షాన్ పార్కర్ అనే ఆయన సంగతి వినండి. 1999లో నాప్‌స్టర్‌ను నెలకొల్పినవారిలో ఆయన ఒకడు. ఫేస్‌బుక్‌కు మొదటి అధ్యక్షుడు. తరువాత స్పాటిఫైలో పెట్టుబడి పెట్టి, దాని డైరెక్టర్లలో ఒకడయ్యాడు. అంటే మనం చెప్పుకుంటున్న సంగీతానికి, సోషల్ మీడియాకు రెండింటికీ పునాదులు వేసిన మనిషి. 2017లో ఆయనే బహిరంగంగా ఒక మాట చెప్పాడు. ప్రజల సమయాన్ని, ధ్యాసను వీలైనంత ఎక్కువగా ఎలా లాక్కోవాలన్నదే ఆనాడు తమ ఆలోచన అనీ, మనిషి మనస్సులోని బలహీనతను తాము తెలిసే వాడుకున్నామనీ ఆయన మాటల సారాంశం. వల వేసినవాడే వల సంగతి చెప్పినప్పుడు చేపలు వినవద్దా?

తిరుసభ వ్యతిరేకమా?

కాదు. విజ్ఞానం దేవుడిచ్చిన వరమే. రేడియో కొత్తగా వచ్చిన రోజులలోనే, 1931లో, పదకొండవ భక్తినాథ పాపుగారు మార్కోనీ చేతనే వాటికన్ రేడియోను పెట్టించారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న రెండు పత్రాలను వెలువరించింది. ఒకటి దైవారాధన గురించి, మరొకటి సమాచార సాధనాల గురించి. రెండూ ఒకే రోజున వెలువడ్డాయి. బలిపీఠం దగ్గర ప్రజలందరూ నోరు విప్పి పాల్గొనాలని మొదటి పత్రం కోరింది. సమాచార సాధనాలను విశ్వాసులు వివేకంతో వాడుకోవాలని రెండవది నేర్పింది. ఈ రెండు మాటలనూ విడదీయకూడదు.

2020లో కరోనా వచ్చి గుడి తలుపులు మూసినప్పుడు ఫోన్ ద్వారానే దివ్యబలిపూజ మన ఇళ్ళకు వచ్చింది. మంచం పట్టినవారికి ఈనాటికీ అది ఓదార్పే. 15 ఏళ్ళ ప్రాయంలో 2006లో మరణించిన కార్లో అకూటిస్, సత్ప్రసాద అద్భుతాలను గురించి వెబ్‌సైటు తయారుచేసిన బాలుడు. 2025 సెప్టెంబరు 7న లియో పాపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. ఆ బాలుడు వీడియో ఆటలకు వారానికి ఒక గంట మాత్రమే అని తనకు తానే హద్దు పెట్టుకున్నాడని చెబుతారు. కంప్యూటరును వాడినవాడు, కంప్యూటరు చేత వాడబడనివాడు.

జవాబు చెప్పే గొంతు

మా విచారణలో ఒక మామ్మగారు ఉన్నారు. ఇంటిని ఆశీర్వదించడానికి వెళ్ళినప్పుడు, "అమ్మా, సాయంత్రం జపమాల చెబుతున్నారా?" అని అడిగాను. "చెబుతున్నాను ఫాదర్‌గారూ. సగం నేనే చెబుతున్నాను, మిగతా సగం కూడా నేనే చెబుతున్నాను" అన్నారు. కొడుకు ఫోన్‌లో వార్తలు, కోడలు ఫోన్‌లో సీరియలు, మనవడి చెవిలో పాటలు. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు. మామ్మ మీద ప్రేమతో యూట్యూబ్‌లో జపమాల వెతికి పెట్టి ఇచ్చాడు. "మంచి గొంతే ఫాదర్‌గారూ, చక్కగా చెబుతుంది. కాని నాకు దగ్గు వస్తే అది ఆగదు" అన్నారు ఆమె.

సహోదరులారా, ఈ మాటను మీరు ఇంటికి తీసుకువెళ్ళండి. మంగళవార్త జపం రెండు భాగాలుగా ఉన్నది ఎందుకు? ఒకరు ఎత్తుకుంటే మరొకరు అందుకోవడానికి. ఫోన్‌లోని గొంతు మనకు వినిపిస్తుంది గాని, అది మనలను వినదు. మనం తడబడితే ఆగదు, ఏడిస్తే అడగదు. విశ్వాసం వినుట వలన కలుగుతుందని పునీత పౌలుగారు రోమీయులకు రాశారు (10:17). ఆ వినికిడి ఒక మనిషి మరొక మనిషికి చెప్పగా కలిగేది. చెప్పేవాడు, వినేవాడు, తిరిగి జవాబిచ్చేవాడు, ఈ ముగ్గురూ ఉన్నచోటే అది పెరుగుతుంది.

గుడిలోనూ ఇదే ప్రమాదం వస్తున్నది. గానబృందం యూట్యూబ్‌లో నేర్చిన కొత్త పాటను ప్రతి ఆదివారం పాడితే, దానిని ఎరుగని ప్రజలు చేతులు కట్టుకుని వింటారు. కొన్నిచోట్ల పాట ట్రాక్ పెట్టి పెదవులు కదుపుతున్నారు. అప్పుడు ప్రజలు ఆరాధకులు కారు, శ్రోతలవుతారు.

పునీత అగుస్తీనుగారు మిలాను నగరపు గుడిలో కీర్తనలు విని కన్నీరు కార్చినవారు. ఆయనే తన "కన్ఫెషన్స్" 10వ భాగంలో ఆత్మపరిశీలన చేసుకున్నారు. పాడబడుతున్న విషయం కంటే పాటే తనను ఎక్కువగా కదిలించినప్పుడు, అది తన దోషమని ఆయన ఎంచారు. అయినా సంగీతాన్ని గుడిలో నుండి వెళ్ళగొట్టమనలేదు. చెవి ఆనందించవచ్చు, కాని ఆ ఆనందం ఆత్మను ఎక్కడికి తీసుకుపోతున్నది అన్నదే ఆయన ప్రశ్న. మన పిల్లలను, మనలను కూడా ఈ ప్రశ్నే అడుగుదాం: ఈ గంటసేపు విన్నది, చూచినది నిన్ను ఎక్కడ దింపింది?

అలవాటును గురించి పునీత తోమాసు అక్వీనాసుగారు చెప్పినది చాలా తేలికైన సత్యం. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయగా అలవాటు బలపడుతుంది. మానగా మానగా అది క్షీణిస్తుంది. ఇందులో భయమూ ఉన్నది, ఆశ కూడా ఉన్నది. రోజుకు వందసార్లు వ్రేలితో దాటేసే మనస్సు, ఆదివారం పది నిమిషాల ప్రసంగాన్ని, ఇంట్లో భార్య చెప్పే కష్టాన్ని కూడా దాటేయడం నేర్చుకుంటుంది. కాని నేర్చినదానిని మరపించవచ్చు.

తల్లిదండ్రులారా!

సమూవేలు మొదటి గ్రంథం 3వ అధ్యాయాన్ని ఈ వారం ఇంట్లో కలిసి చదవండి. దేవుడు బాలుడైన సమూవేలును పిలిచాడు. ఆ పిల్లవాడు మూడుసార్లు లేచి ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. అది ఎవరి స్వరమో వానికి తెలియదు. ముసలివాడైన ఏలీ, చూపు మందగించినవాడు, అది ప్రభువు స్వరమని గ్రహించి, ఎలా జవాబు చెప్పాలో నేర్పించాడు. దేవుడు నేటికీ మన పిల్లలను పిలుస్తూనే ఉన్నాడు. ఆ స్వరాన్ని గుర్తుపట్టడం నేర్పడానికి ఇంట్లో ఒక ఏలీ ఉండాలి. ఏలీ చేతిలోనే ఫోన్ ఉంటే, సమూవేలు ఎవరి దగ్గరకు పరుగెత్తుతాడు? "ఫోన్ పక్కన పెట్టు" అని చెప్పే నోటికి ముందు, పక్కన పెట్టిన చెయ్యి కనబడాలి.

యువతీయువకులారా! పాటలు వినవద్దని నేను మీకు చెప్పను. పాట వినండి, పూర్తిగా వినండి, మీరే ఎంచుకుని వినండి. నచ్చితే నేర్చుకుని నలుగురిలో పాడండి. ఇతరుల ముఖాలు, బట్టలు, పెళ్ళిళ్ళు రాత్రి పన్నెండింటి వరకు చూచి, మీ బ్రతుకును తక్కువ చేసుకొని కంటతడి పెట్టవద్దు. మీ జీవితాన్ని దేవుడు లైకులతో తూచడు.

ఆచరణలో పెట్టవలసినవి:

1. సాయంత్రం జపమాల వేళ ఇంటిలోని ఫోన్లన్నీ ఒక బుట్టలో వేసి, తిరుహృదయ పటం క్రింద ఉంచండి. తండ్రి ఫోన్ మొదట పడాలి. సమయం లేకపోతే ఒక్క పదిపూసల జపమైనా చాలు. ఒకరు ఎత్తుకోవాలి, మిగిలినవారు అందుకోవాలి.

2. అడగకుండానే తరువాతి పాట, తరువాతి వీడియో వచ్చే ఏర్పాటు ఉన్న చోట దానిని ఆపివేయండి. ఎలా ఆపాలో మీ పిల్లలకు తెలుసు. వారినే అడిగి నేర్చుకోండి. పిల్లలు పెద్దలకు నేర్పే ఆ పది నిమిషాలు కూడా మాటలు కలిసే వేళే.

3. వారానికి ఒక పాట ఇంటిల్లిపాదీ కలిసి పాడండి. అమ్మమ్మకు వచ్చిన పాత కీర్తనను మనవరాలు ఫోన్‌లో రికార్డు చేసి, నేర్చుకుని, గానబృందానికి అందించండి. సాధనాన్ని వాడుకోవడమంటే ఇదే.

4. ఆరోగ్యంగా ఉన్నవారు ఆదివారం పూజకు గుడికే రండి. తెర మీద సత్ప్రసాదాన్ని చూడగలం, స్వీకరించలేం.

2022 ప్రపంచ సమాచార దినోత్సవానికి ఫ్రాన్సిస్ పాపుగారు, హృదయమనే చెవితో వినాలన్న అంశాన్ని ఎంచుకున్నారు. 2025లో ప్రభువు సన్నిధికి చేరిన ఆ కాపరి మనకు విడిచిన మంచి ఆస్తి అది.

హోరేబు కొండమీద ఏలీయా ప్రవక్తకు ప్రభువు పెనుగాలిలో కనబడలేదు, భూకంపంలో కనబడలేదు, అగ్నిలో కనబడలేదు. వాటన్నిటి తరువాత మెల్లని స్వరంలో ఆయనను పలుకరించాడు (1 రాజులు 19). ఆ స్వరం మన ఇళ్ళలోనూ ఉన్నది. అది కొన్నిసార్లు మామ్మగారి దగ్గుతో కూడా కలిసి వస్తుంది.

చెవిటివాని చెవులు తెరచిన ప్రభువు మన చెవులను, మన బిడ్డల చెవులను తెరచునుగాక. ఆయన వాక్కును విని, ఒకరి మాట ఒకరం విని, ఒక్క గొంతుతో జవాబు పలికే కుటుంబాలుగా మనలను దీవించునుగాక. వాక్యాన్ని విని హృదయంలో పదిలపరచుకున్న మరియమాత మన కొరకు ప్రార్థించునుగాక. ఆమెన్.