పవిత్రోత్సవము – సాధకునకు అభయము

భగవదారాధనము దోషరహితముగ జరుగవలెనన్న కోరిక ఉత్తమమైనదే. కాని ఉచ్చారణము తప్పునేమో, క్రమము చెడునేమో యను భయముతో నిత్యపూజనే మానివేయు గృహస్థులు పలువురు కలరు. పిల్లలు తప్పులు చదువుదురని స్తోత్రపాఠము చెప్పింపని వారును కలరు. లోపమునకు వెఱచి సేవనే విడిచినచో, అంతకు మించిన లోపము వేఱేమున్నది?

ఆగమశాస్త్రము ఈ భయమును ముందే ఎఱిగినది. సంవత్సరము పొడుగున జరుగు అర్చనలలో తెలిసియు తెలియకయు కలుగు లోపములు తీరుటకై పవిత్రోత్సవమును విధించినది. తిరుమలలో ఈ ఉత్సవము 15వ శతాబ్దమునందే జరిగినట్లు శాసనములు తెలుపుచున్నవి. మధ్యకాలమున ఆగిపోయి, 1962లో తిరిగి ఆరంభమైనది. శ్రావణమాసమున మూడు దినములు జరుగు ఈ ఉత్సవమున దారములతో కూర్చిన పవిత్రమాలలను స్వామికి సమర్పింతురు. శాస్త్రము చదివిన అర్చకులే లోపము కలుగునని అంగీకరించుచున్నారు. అట్లని కోవెల తలుపులు మూయుట లేదు, ఏటేట సరిదిద్దుకొనుచున్నారు.

దారమును గూర్చి చెప్పవలసినచో కర్నూలు జిల్లా కోడుమూరు నేతపనివారి నడుగవలెను. నూలు చీరకు పట్టు అంచు కలిపి గద్వాల చీరలు నేయు ఆ మగ్గములపై పోగు తెగుట సహజము. పోగు తెగినదని పని విడిచి లేచిపోవు నేతగాడు లేడు. తెగిన కొనలను కలిపి ముడివేసి నేత సాగించును. అట్లు పట్టి, ముడివేయగా వేయగా చేతికి నేర్పు అబ్బును. తెగిన పోగును చూచియు విడిచిపెట్టడు. విడిచినచో వస్త్రమున సందు నిలుచును. సాధనయు అట్టిదే. లోపమును చూచి ఆగరాదు; చూడనట్లు నటింపనురాదు.

నిప్పును పొగవలె ప్రతి కర్మను ఏదో యొక దోషము ఆవరించియే యుండునని, అందువలన సహజకర్మను విడువరాదని గీత పదునెనిమిదవ అధ్యాయమున శ్రీకృష్ణుడు అర్జునునకు బోధించెను. పొగకు వెఱచి పొయ్యి వెలిగింపని ఇంట అన్నము ఉడుకదు గదా!

శ్రీవైష్ణవాచార్యులు భగవంతుని వాత్సల్యమును వివరించుచు ఆవు దృష్టాంతమును చెప్పిరి. అప్పుడే పుట్టిన దూడ ఒడలి మాలిన్యమును ఆవు అసహ్యించుకొనదు. నాలుకతో నాకి శుభ్రపఱచును. శుభ్రమైన పిమ్మట దరికి రమ్మనదు. శ్రియఃపతి వాత్సల్యమును అట్టిదే.

కావున నేడు వచ్చినంత చదివి, కలిగిన తులసీదళమును సమర్పించి, పూజాంతమున క్షమాప్రార్థన చేయవలెను. తప్పిన అక్షరమును రేపు పెద్దలనడిగి దిద్దుకొనవలెను. నేటి పూజ జరిగిననే గదా రేపటి దిద్దుబాటునకు తావు!