పడవ బల్లయు, బాగుచేయు చేయియు

ధ్యానభాగము: గలతీయులకు 6:1



మన మధ్య ఎవడైన తప్పులో చిక్కుకొనినయెడల అతనిని మృదువుగా లేవనెత్తి నిలువబెట్టుడని అపొస్తలుడైన పౌలు ఈ భాగములో బోధించుచున్నాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాట ‘కటార్టిజో’. యాకోబు యోహానులు పడవలో తమ వలలు బాగుచేసికొనుచున్న సంగతి మార్కు 1:19లో వ్రాయబడినప్పుడును ఇదే మాట. కాబట్టి ఇది కచేరీలో తీర్పు చెప్పువాని మాట కాదు, రేవులో పనిచేయువారి మాట. దీని అర్థమును నేను వేదాంతపాఠశాలలో చదివితిని గాని, నేర్చుకొన్నది మాత్రము ఒక పాత పడవమీద.

మా సంఘపెద్దలలో ఒకరు వృత్తికి వడ్రంగి. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతములలో చెక్క ఓడలు కట్టుట పూర్వమునుండి ఉన్న పని. ఆయన చేయి ఆ పనిలోనే పండినది. ఒక వేసవిలో ఆయన ఒక పాత పడవను బాగుచేయుచుండగా చూడబోయితిని. పైనున్న బల్లలన్నియు టేకు. అవి ఎండకును ఉప్పుగాలికిని బూడిదరంగు తిరిగి, అక్కడక్కడ నల్లని బూజు మచ్చలు పట్టియుండెను. సాయము చేయుదమని నేను ఒక గట్టి బ్రష్షు తీసికొని, బల్ల పొడవునా బలము కొలది రుద్దితిని. క్రింద బంగారు వన్నె కనబడెను. నాకు సంతోషము కలిగెను. ఇంతలో ఆ పెద్దాయన వచ్చి నా చేయి పట్టుకొనెను.

“ఆపండి అయ్యగారూ! మీరు మురికి తీయట్లేదు, చెక్కనే తీసేస్తున్నారు.”

ఆయన నన్ను కూర్చుండబెట్టి విడమరచి చెప్పెను. టేకులో మెత్తని పొరయు గట్టి పొరయు ప్రక్కప్రక్కనే ఉండును. గట్టి బ్రష్షుతో రేఖల వెంబడి రుద్దినచో మెత్తనిది లేచిపోయి, గట్టిది గట్టువలె నిలుచును. ఆ సాళ్ళలో మరల మురికి చేరును. సమము చేయవలెనన్న గరుకు కాగితముతో అరగదీయవలెను. పలుమారు అట్లు చేసినచో బల్ల పలుచనై, మేకుల తలలు పైకి తేలి, సందులలో కూరిన పీచు ఊడి, నీరు లోపలికి దిగును. శుభ్రము చేసిన చేయియే పడవను చెరుపును.

“మరి ఎట్లా శుభ్రం చేయాలి పెద్దయ్యా?” అని అడిగితిని.

“ఉప్పునీళ్లు, మెత్తని గుడ్డ చాలండి. రేఖలకి అడ్డంగా తుడవాలి. మెల్లిగా తుడవాలి, కానీ తరచూ తుడవాలి.”

బూడిదరంగు తెగులు కాదనియు ఆయన చెప్పెను. అది ఎండ సోకిన పైపొర మాత్రమే. దాని క్రింద టేకు తన సహజమైన నూనెతో గట్టిగానే ఉండును.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతకు మూడేండ్ల క్రితము మా సంఘములో ఒక యౌవనస్థుడు త్రాగుడులో పడెను. నేను ఒక ఆదివారము ప్రసంగవేదికమీదనుండి, అందరి యెదుట, అతని తల్లి వినుచుండగా, అతని తప్పు ఎత్తి చెప్పితిని. చెప్పినదానిలో అబద్ధము లేదు. సంఘము శుభ్రపడినదని కూడ అనుకొంటిని. అతడు మరల మందిరములో అడుగుపెట్టలేదు. అతని తల్లి ఆనాటినుండి వెనుక వరుసలో తలవంచుకొని కూర్చుండుచున్నది. నేను మచ్చతోపాటు మనిషిని గీకివేసితిని.

అయితే మృదుత్వమనగా కుళ్ళును దాచిపెట్టుట కాదు సుమా! 1817లో బొంబాయిలో వాడియా వంశపు పార్సీ ఓడపనివారు మలబారు టేకుతో బ్రిటిషు నౌకాదళమునకు ‘ట్రింకోమలీ’ అను యుద్ధనౌకను కట్టిరి. అది తరువాత అనేక సంవత్సరములు బాలురకు శిక్షణనౌకగా ఉండెను. శిథిలమైన పిదప 1987లో దానిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌నకు చేర్చిరి. దానిని బాగుచేయుపని 2001లో ముగిసెను. చెడిన చెక్కను తీసి క్రొత్తది అతికిరి. నిలువగల పాత టేకును నిలువనిచ్చిరి. అది నేటికిని నీటిమీదనే ఉన్నది. మా పెద్దాయన కూడ బల్లను సుత్తితో మెల్లగా తట్టి, చెవియొగ్గి విని, డొల్ల మ్రోగినచోటనే ఉలి పెట్టును. కుళ్ళుమీద వార్నీషు పూయుట ప్రేమ కాదు. కుళ్ళుతోపాటు మంచి చెక్కను నరుకుట నీతియు కాదు. మనమైతే వినకముందే ఉలి ఎత్తుచున్నాము.

మన ప్రభువు చేతిని చూడుడి. తన్ను ఎరుగనని ముమ్మారు బొంకిన పేతురును ఆయన సముద్రతీరమున ఎట్లు కలిసికొనెను? ముందుగా నిప్పులు రాజేసి, చేపయు రొట్టెయు సిద్ధపరచి, ఆకలి తీర్చెను. ఆ తరువాతనే ప్రశ్న అడిగెను. ముమ్మారు అడిగెను గనుక కుళ్ళును వదలిపెట్టలేదు. అయితే ఆ ప్రశ్న ప్రేమను గూర్చియే. ప్రతి జవాబునకు ఒక పని అప్పగించెను (యోహాను 21). ఆనాడు పేతురు పలుచబడలేదు, నిలువబడెను.

తల్లిదండ్రులారా, సంఘపెద్దలారా, ఏడాదికొకసారి కోపముతో గీకి, మిగిలిన దినములన్నియు ఊరకుండుట మన అలవాటు. ప్రతిదినము బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని ప్రార్థించుట, వారమునకొకసారి బలహీనుని గుమ్మము త్రొక్కుట, ఇదియే మెత్తని గుడ్డ. నెరసిన తలలను చూచి పనికిరానివారని ప్రక్కకు నెట్టకుడి. అది పైరంగు మాత్రమే.

గడచిన మాసమున నేను ఆ యౌవనస్థుని యింటికి వెళ్ళితిని. “బాబూ, ఆ రోజు నేను మాట్లాడిన తీరు తప్పు. నన్ను క్షమించు” అంటిని. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత లోపలికి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి యిచ్చెను. ఇంకను మందిరమునకు రాలేదు. నేను మరల వెళ్ళుదును. మెల్లగా, కాని తరచుగా.

మీకును అట్టి గుమ్మము ఒకటి ఉన్నదా? ఈ మాసము దాటకముందే అక్కడికి వెళ్ళుడి. వలలను, పడవలను, మనుష్యులను ఎరిగిన ప్రభువు మీ చేతిని మెత్తపరచునుగాక. ఆమేన్.